సాయంత్రం వంతు అమ్మది

సెప్టెంబర్ 3, ఆదివారం

నీళ్ళ గిన్నె మళ్ళీ ఖాళీ. పొద్దున నేను నింపాను, మధ్యాహ్నం అమ్మ నింపింది, ఇప్పుడు చూస్తే అడుగు కనిపిస్తోంది. మా పిల్లి మేనేజరు గిన్నె పక్కనే కూర్చుని, ఇది మీ డ్యూటీ కదా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు.

ఎండలకి అంటుంది అమ్మ. ఎండలు పోయి ఎన్నాళ్ళయిందో. వాడి ఇసుక డబ్బా శుభ్రం చేసేది నేను కాబట్టి నాకు తెలుసు, తాగిందంతా అందులోకే పోతోంది. ఇద్దరి తిండి తింటున్నాడు, వీపు మీద చెయ్యి వేస్తే మాత్రం ఎముకలు తగులుతున్నాయి. తొమ్మిదేళ్ళ క్రితం నాన్న లారీలోంచి దిగి, చొక్కా లోపలినుంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు కూడా ఇంత తేలిగ్గా లేడు. లేడనే అనిపిస్తోంది.

అప్పట్నుంచీ కుట్టుగదిలో బల్ల ఎక్కి అమ్మ పని చూస్తూ కూర్చోవడమే వాడి ఉద్యోగం. ఒక్క పని చేయడు, అందరి పనీ చూస్తాడు, వీడే మన మేనేజరు అని నాన్న పేరు పెట్టాడు. వారం రోజులుగా ఆ బల్ల ఎక్కడం లేదు. కిందే కూర్చుని పైకి చూస్తున్నాడు.

డాక్టరుకి చూపించాలి.

సెప్టెంబర్ 5, మంగళవారం

బడి నుంచి వచ్చి వాణ్ణి అమ్మ గుండీల బుట్టలో పెట్టుకుని బజారు వెనక ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండీలన్నీ పక్క మీద పోసి బుట్ట ఇచ్చింది అమ్మ. మామూలుగా ఆ బుట్ట ఎవరూ ముట్టుకోకూడదు.

డాక్టరు బుట్ట మూత సగమే తెరిచి చూశాడు. ముసలి పిల్లులు ఇలాగే అయిపోతాయని, ఇంకో పిల్లిపిల్లని తెచ్చుకుంటే దిగులు పోతుందని చెప్పి నులిపురుగుల మాత్ర చేతిలో పెట్టాడు. నేను నమస్కారం పెట్టి మరీ వచ్చాను. ఎందుకు పెట్టానా అని బస్సెక్కాక కోపం వచ్చింది.

సెప్టెంబర్ 6, బుధవారం

మాత్ర మంచం కింద దొరికింది. మేనేజరుకి కూడా ఆ డాక్టరు నచ్చలేదు.

సెప్టెంబర్ 9, శనివారం

షుగర్. పిల్లులకి కూడా వస్తుందట.

ఈసారి పెద్ద రోడ్డులో అద్దాల తలుపుల క్లినిక్‌కి వెళ్ళాను. లోపల చల్లగా ఉంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కుక్కలకి నాకన్నా మంచి స్వెట్టర్లు ఉన్నాయి. డాక్టరు చిన్న వయసాయనే, మర్యాదస్తుడు. రక్తం తీశారు, మూత్రం పరీక్ష చేశారు, తర్వాత నన్ను లోపలికి పిలిచి కాగితం మీద బొమ్మ గీస్తూ చెప్పడం మొదలుపెట్టారు. చాలా తొందరగా చెప్పారు. మధ్యలో ఆగి, మీరేం చేస్తుంటారని అడిగారు. మూడో తరగతి టీచర్ని అన్నాను.

"ఐతే ఇంక మీకు నేను చెప్పేదేముంది, ఇట్టే పట్టేస్తారు" అన్నారు.

ఆ మాట తర్వాత ఇంకేం అడుగుతాను. ఆయన అర్థమైందా అన్నారు. అయింది డాక్టర్ అన్నాను. తల కూడా ఊపాను.

నాకు అర్థమైనంతవరకు ఇది. రోజుకి రెండు పూటలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఒకే వేళకి, మెడ వెనక చర్మం పైకెత్తి ఇంజెక్షన్. ఒక్క యూనిట్, అంటే సిరంజి మీద మొదటి గీత దాకా. ఎక్కువైతే ప్రాణానికే ప్రమాదం. మందు ఫ్రిజ్‌లో ఉండాలి. ప్రతి శనివారం వచ్చి చూపించాలి. మిగతాది చదువుకుంటాను. చదువుకుంటే రానిదేముంది.

వీణ్ణి పోనివ్వను. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సెప్టెంబర్ 10, ఆదివారం

పొద్దుటి వంతు నాది, సాయంత్రం వంతు అమ్మది. బడి తర్వాత నాకు ట్యూషన్లు ఉంటాయి, ఆ వేళకి ఇల్లు చేరలేను.

అమ్మకి నేర్పించాను. కిటికీ దగ్గర కూర్చోబెట్టి సిరంజి పట్టుకుని, ఇదిగో ఈ మొదటి గీత, ఇక్కడ ఆపాలి, దాటకూడదు, దాటితే చచ్చిపోతాడు అని రెండుసార్లు చెప్పాను. దాని మీది రాత చదవడం రాకపోయినా ఫరవాలేదు, గీత గుర్తుంటే చాలన్నాను. అమ్మ సిరంజిని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"తెలిసిందా అమ్మా?"

"తెలిసిందిలేవే, నలభై ఏళ్ళుగా సూదితోనే బతుకుతున్నాను."

నిజమే కదా. సూది పట్టుకోవడంలో అమ్మకి నేను నేర్పేదేముంది.

సాయంత్రం అమ్మ వంటింట్లోకి తీసుకెళ్ళి తనే ఇచ్చింది. నన్ను రావద్దంది, ఎవరైనా చూస్తే చెయ్యి వణుకుతుందట. మేనేజరు కిమ్మనలేదు.

సెప్టెంబర్ 13, బుధవారం

వెళ్ళేముందు దారం ఎక్కించి పో అంది అమ్మ. చేతి సూదులు ఆరు, మిషను సూది ఒకటి. ఈ మధ్య రోజూ ఇదే. బద్ధకం అని వెక్కిరించాను. కానీ నాకు తెలుసు, బస్సుకి పరిగెత్తేముందు నన్ను ఒక్క నిమిషం పక్కన కూర్చోబెట్టుకోవాలని. బాగుంది నాకు కూడా.

సెప్టెంబర్ 16, శనివారం

తగ్గలేదు. డాక్టరు ఆశ్చర్యపోయారు. రెండు పూటలా ఇస్తున్నారు కదా అన్నారు. ఇస్తున్నాం డాక్టర్ అన్నాను. ఐతే పూటకి రెండు యూనిట్లు చేద్దాం అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి రెండో గీత చూపించాను. అంతా? అంది. డాక్టరుకి తెలియదా అన్నాను.

సెప్టెంబర్ 20, బుధవారం

ఇవాళ మా హెడ్‌మిస్ట్రెస్ నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. పాఠం బాగానే చెప్పాననుకున్నాను. చివర్లో అర్థమైందా పిల్లలూ అన్నాను, అర్థమైంది టీచర్ అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. అంతా అయ్యాక స్టాఫ్ రూములో ఆవిడ మెల్లగా అన్నారు:

"నువ్వు అర్థమైందా అంటావు, వాళ్ళు అర్థమైందంటారు. ఇద్దరికీ హాయి."

రాత్రి అన్నం సయించలేదు. మా ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేను. కరెంటు బిల్లు దగ్గర్నుంచి లారీ కాగితాల దాకా ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే వస్తుంది. అమ్మ బట్టలు తెచ్చేవాళ్ళందరికీ మా అమ్మాయి టీచరు అని చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది. ఆ హెడ్‌మిస్ట్రెస్‌కి ఇవేం తెలుసు.

పిల్లలు అరిచారంటే అర్థమయ్యే అరుస్తారు.

సెప్టెంబర్ 23, శనివారం

మళ్ళీ ఎక్కువే. ఇప్పుడు పూటకి మూడు.

సెప్టెంబర్ 25, సోమవారం

నాన్న దారిలోంచి ఫోన్ చేశాడు. మేనేజరు గారు సెలవు పెట్టారా, డ్యూటీలో ఉన్నారా అన్నాడు. మెడికల్ లీవు అన్నాను. నవ్వాడు. వెనకనుంచి హారన్లు వినిపిస్తున్నాయి.

"చిట్టీ, నేను ఇంట్లో ఉండేది నెలకి నాలుగు రోజులు. మీ అమ్మ మాట్లాడేది ఎవరితో అనుకున్నావు, వాడితోనే. వాణ్ణి చూసుకో."

చూసుకుంటున్నాను నాన్నా అన్నాను.

మందు సీసా అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు వచ్చేలా ఉంది. మంచిదే.

సెప్టెంబర్ 30, శనివారం

పూటకి నాలుగు.

మేనేజరు వెనక కాళ్ళ నడక మారిపోయింది. వేళ్ళ మీద కాకుండా మడమ నేలకి ఆనించి, చెప్పులు పెద్దవైపోయిన మనిషిలా నడుస్తున్నాడు. షుగర్ తగ్గకపోతే ఇలాగే అవుతుందట. ఇంకా ఆలస్యమైతే కష్టం అన్నారు డాక్టరు. ఈసారి ఆయన గొంతులో కూడా ధీమా లేదు.

ఎక్కడ తప్పుతోంది? టైము తప్పడం లేదు. డోసు తప్పడం లేదు. తిండి ఆయన చెప్పిందే.

ఇంటికొచ్చేసరికి మూలింటి గుమస్తా గారు గుమ్మంలో ఉన్నారు. నల్ల ప్యాంటు అంచుకి అమ్మ నీలం దారంతో కుట్టేసిందట. అమ్మ నవ్వేసి, పిల్లి గొడవలో పడి చూసుకోలేదు, రేపటికి ఇస్తానంది. ఆయన వెళ్ళాక ఆ ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, కుట్టు విప్పకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

దిగులు. వాడి దిగులే.

అక్టోబర్ 3, మంగళవారం

పరీక్షలైపోయాయి, బడికి వారం సెలవులు. పెద్దమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందని కబురొస్తే అమ్మ పొద్దున్నే బయల్దేరింది. రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఇక రెండు పూటలా నేనే.

బస్సు దగ్గర సంచి అందుకుంటూ అంది, "నేను వచ్చేదాకా వాడికి మందు కాస్త తక్కువే ఇవ్వు."

ఎందుకన్నాను. ఏమో, ఇవ్వు అంతే, అంది. బస్సు కదిలాక కిటికీలోంచి మళ్ళీ చెయ్యి ఊపి, వేళ్ళు దగ్గరికి తెచ్చి కొంచెం, కొంచెం అని చూపించింది.

భయం అమ్మకి. చదువుకోనివాళ్ళకి మందులంటే ఉండే భయమే. భయపడి తక్కువ ఇస్తే వాడి కాళ్ళు పోతాయి. డాక్టరు చెప్పింది చెప్పినట్టే ఇస్తాను.

అక్టోబర్ 4, బుధవారం

మొదటిసారి నీళ్ళ గిన్నెలో సాయంత్రానికి నీళ్ళు మిగిలాయి. పని చేస్తోంది.

అక్టోబర్ 5, గురువారం

మేనేజరు బతికే ఉన్నాడు. ఇంతకన్నా రాయలేను.

అక్టోబర్ 6, శుక్రవారం

నిన్నటిది రాయాలి. వరసగా రాయాలి.

పొద్దున తిండి వాసన చూసి వెళ్ళిపోయాడు. తర్వాత తింటాడులే అని ఇంజెక్షన్ ఇచ్చాను. నాలుగు, సరిగ్గా గీత దాకా. మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి కుట్టుగది గుమ్మం దగ్గర తాగినవాడిలా తూలుతున్నాడు. పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూశాడు. తర్వాత పక్కకి పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

అద్దాల క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారంది అక్కడి అమ్మాయి. కానీ మంచి పిల్ల, ఫోన్ పెట్టేయలేదు. షుగర్ పడిపోయినట్టుంది, చిగుళ్ళకి తేనె రాసి దగ్గర్లో ఏ డాక్టరుంటే అక్కడికి పరిగెత్తండి అంది. తేనె సీసా మూత రాలేదు. పళ్ళతో తీశాను.

టాక్సీ అతను బుట్టలోకి ఒక్కసారి తొంగి చూసి, ఎక్కడికి అని కూడా అడగకుండా పోనిచ్చాడు. టైర్ల షాపు పైన ఒక డాక్టరమ్మ ఉందని, వాళ్ళ ముసలి కుక్క చివరిదాకా ఆవిడ చేతుల్లోనే ఉందని చెప్పాడు. చివరిదాకా అన్న మాట నాకు నచ్చలేదు.

మెట్లెక్కితే ఒకటే గది. రబ్బరు వాసన. ఆవిడకి నలభై దాటి ఉంటాయి, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. నన్ను ఏమీ అడగలేదు. వాడి చెవి అంచున చిన్నగా పొడిచి చుక్క రక్తం తీసి చేతిలో మిషను మీద చూసింది. ముందరి కాలికి సూది పెట్టి గ్లూకోజ్ ఎక్కించింది. అదంతా చేస్తూ వాడితోనే మాట్లాడింది. ఏం బాబూ, ఎక్కడికి పోదామని, అమ్మాయి ఏడుస్తోంది చూడు, అని. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు.

చాలాసేపటికి వాడు తల ఎత్తి, ఆవిడ వేలికి అంటిన తేనె నాకాడు.

అప్పుడు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్ళ వైద్యం సంగతంతా అడిగి తెలుసుకుంది. పొద్దున తిన్నాడా? లేదన్నాను. తినకపోతే ఏం చేయమన్నారు? నాకు తెలియదు. ఆయన చెప్పలేదని అనబోయాను, నోట్లోంచి రాలేదు.

"చెప్పే ఉంటారండీ. నేను తల ఊపాను" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఖాళీ సిరంజి, గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగు యూనిట్లు తీసి చూపించమంది. తీశాను. వెలుతురుకి ఎత్తి చూసి, చెయ్యి బాగుందంది. కాసేపు ఆలోచించింది. నెల రోజులు రెండు పూటలా ఇస్తే ఏమీ తగ్గలేదు, ఇప్పుడు రెండు రోజుల్లో పడిపోయాడు, ఈ రెండు రోజుల్లో ఇంట్లో ఏం మారింది, అంది.

ఏమీ మారలేదన్నాను. అమ్మ ఊరెళ్ళింది, అమ్మ ఇచ్చే సాయంత్రం మందు కూడా నేనే ఇస్తున్నాను, అంతే.

ఆ మాట పూర్తవుతుండగానే మెట్ల మీద అమ్మ కనిపించింది, చేతిలో సంచి అలాగే ఉంది. ఇంటికొస్తే తాళం వేసి ఉందట, పక్కింటావిడ ఫోన్ చేస్తే ఇక్కడున్నామన్నాను, ఆ సంగతే మర్చిపోయాను. అమ్మ నన్ను చూడలేదు. నేరుగా బుట్ట దగ్గరికి వెళ్ళి వాడి కడుపు మీద చెయ్యి పెట్టి, ఊపిరి తీస్తున్నాడో లేదో చూసుకుంది.

డాక్టరమ్మ లేచి కుర్చీ అమ్మకిచ్చింది. సాయంత్రం పూట మీరే ఇస్తారటగా, ఒక్కసారి చూపించండమ్మా, అంది. నీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

అమ్మ సిరంజి అందుకుంది. దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది. కిటికీ వైపు తిరిగింది. కింద షాపులో టైరుకి గాలి కొడుతున్న చప్పుడు. నేను నేర్పిందే కదా, నాలుగో గీతమ్మా అనబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

అమ్మ సిరంజి బల్ల మీద పెట్టేసింది.

"నాకు గీతలు కనపడవమ్మా."

డాక్టరమ్మ గ్లాసు పక్కకి జరిపి, చెప్పండమ్మా అంది.

"మొదటి రోజు నుంచీ కనపడలేదు. దాటితే చచ్చిపోతాడంది మా అమ్మాయి. అందుకని దాటకుండా, సూది కొస తడిసేదాకా తీసి గుచ్చేదాన్ని. లోపల ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి తెలియక ప్రతి శనివారం అక్కడ మందు పెంచుతూనే ఉన్నారు, అందుకే తక్కువ ఇవ్వమన్నాను."

నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను. అరిచాననుకుంటాను, మేనేజరు చెవులు వెనక్కి పెట్టాడు.

"ఏమని చెప్పను? దర్జీదానికి కళ్ళు కనపడవని ఒక్కరికి తెలిస్తే చాలు, రేపట్నుంచి గుమ్మం ఎవరు తొక్కుతారు? అయినా నువ్వు అంత బాగా నేర్పావు. రాలేదంటే నీకెలా ఉంటుంది."

ఆరు సూదులు, మిషను సూది ఒకటి. రోజూ నేనే ఎక్కించాను. దారం కన్నంలోంచి ఇవతలికి వచ్చేదాకా అమ్మ నా వేళ్ళవైపు కాదు, నా మొహంలోకి చూసేది.

అక్టోబర్ 7, శనివారం

అద్దాల క్లినిక్‌కి వెళ్ళలేదు. ఫోన్ చేసి ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పాను. డాక్టరు గారు మాట్లాడతానన్నారట, ఆయన లైన్లోకి వచ్చి జరిగిందంతా విన్నారు. అడిగి ఉండాల్సింది నేను, అన్నారు. చెప్పి ఉండాల్సింది నేను, అన్నాను. మంచాయన. మా ఇద్దరికీ పొసగదంతే, ఆయన తొందరగా చెబుతారు, నేను తొందరగా తల ఊపుతాను.

అక్టోబర్ 8, ఆదివారం

మేనేజరుని ఇంటికి తెచ్చాం. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

డాక్టరమ్మ దగ్గర అర్థమైందా అన్న మాటే లేదు. చెప్పాల్సింది చెబుతుంది, కుర్చీలో వెనక్కి వాలుతుంది, ఇప్పుడు మీరు నాకు చెప్పండి, నేను పిల్లి యజమానిని అనుకోండి, అంటుంది. తినకపోతే ఏం చేయాలో నేను మూడుసార్లు చెప్పాను. రెండుసార్లు తప్పు చెప్పాను. తప్పు చెప్పిన ప్రతిసారీ ఆవిడ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, గొంతు ఏమాత్రం మార్చకుండా. చెమటలు పట్టాయి నాకు. డిగ్రీ పరీక్షలో కూడా ఇంత భయపడలేదు.

చెవి అంచున పొడిచి ఇంట్లోనే చూసుకోవడం నేర్పింది. క్లినిక్‌కి రావడమే వాడికి భయం, ఆ భయానికే షుగర్ పెరుగుతుంది, బుట్టలో తెచ్చి చూస్తే వాడి సంగతి కాదు, వాడి భయం సంగతి తెలుస్తుంది, అంది.

ఇక సాయంత్రం పూట ట్యూషన్లు మానేస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నా వంతు నాదే అంది. నేను కాదన్నాను, అమ్మ కాదంది, డాక్టరమ్మ సొరుగు తెరిచింది. పెన్నులాంటిది తీసింది. అడుగున తిప్పితే టిక్కుమంటుంది, ఒక్కో టిక్కు ఒక యూనిట్. వేలికి కూడా తెలుస్తుంది ఆ టిక్కు. ఇందులోకి వేరే సీసా వస్తుంది, పాతది పారేయమంది.

అమ్మ కళ్ళు మూసుకుని తిప్పింది. ఒకటి అంది. వెనక్కి తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఒకటి. పదిసార్లయినా చేసి ఉంటుంది, డాక్టరమ్మ అన్నిసార్లూ చూసింది.

"బడి మొహం చూడనిదాన్ని, ఈ వయసులో నా చేతికి పెన్నిచ్చారు" అంది అమ్మ.

నెల తర్వాత అమ్మ మనసారా నవ్వింది.

అక్టోబర్ 11, బుధవారం

వాడి చెవి పొడిచి షుగర్ చూడబోయాను. వాడు నా చెయ్యి గీరాడు. మళ్ళీ చూసుకున్నాను. వచ్చింది.

అక్టోబర్ 15, ఆదివారం

అమ్మని కంటి డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. రానంది. నిన్నా అడిగాను, మొన్నా అడిగాను. కళ్ళకేం, వయసుకి తగ్గట్టే ఉన్నాయంటుంది. పరీక్ష చేస్తే రోగం బయటపడుతుంది, పడితే కొయ్యాలంటారు, కోస్తే నెల రోజులు మిషను ముట్టుకోవద్దంటారు, ఈలోగా బట్టలన్నీ అవతల వీధి కొత్త దర్జీకి పోతాయి. అన్నీ తెలుసు అమ్మకి. అన్నీ ముందే కనుక్కుని పెట్టుకుంది.

సరే. నేను కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను. వదలను.

అక్టోబర్ 23, సోమవారం

క్లాసులో అర్థమైందా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, మూడో బెంచీలో మాట్లాడని పిల్లని లేపి, నేను బడికి రాలేదనుకో, నాకు నువ్వు చెప్పు అన్నాను. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో తనకి అసలు తెలియదంది. తర్వాత ఇంకో చెయ్యి లేచింది. తర్వాత సగం క్లాసు.

నెల రోజులుగా పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది వీళ్ళే.

అక్టోబర్ 29, ఆదివారం

నాన్న వచ్చాడు. మేనేజరుని భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగాడు. విషయమంతా విని అమ్మ వైపు చూసి, నీకు కళ్ళు కనపడవని నాకు ముందే తెలుసులేవే, లేకపోతే నన్ను చేసుకునేదానివా అన్నాడు. అమ్మ కొలతల టేపుతో ఒకటి అంటించింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే నేను మళ్ళీ కంటి డాక్టరు మాట ఎత్తాను.

అమ్మ మేనేజరుని చూపించింది. వాడు బల్ల కింద కూర్చుని పైకి చూస్తున్నాడు.

"వాడు మళ్ళీ ఆ బల్ల ఎక్కిన రోజు వస్తాను. సరేనా?"

వాడు ఎక్కలేడని అమ్మ నమ్మకం. నాన్న సాక్ష్యం అన్నాను. నాన్న చెయ్యెత్తాడు.

నవంబర్ 6, సోమవారం

అమ్మ ఇద్దాం అనేలోపే సాయంత్రం వేళకి వాడే వంటింట్లోకి వెళ్ళి కూర్చుంటున్నాడట. పొద్దున నాకు మాత్రం ఇల్లంతా వెతికించుకుంటాడు.

నవంబర్ 11, శనివారం

నడక బాగైంది. మడమలు లేచాయి. కుర్చీ ఎక్కాడు. కుర్చీ లెక్కలోకి రాదంది అమ్మ. బల్ల అంటే బల్లే.

నవంబర్ 14, మంగళవారం

కుర్చీని బల్ల దగ్గరికి జరిపాను. అమ్మ చూసి దూరంగా జరిపేసింది.

నవంబర్ 18, శనివారం

ఎక్కాడు.

నేను కాపీలు దిద్దుతున్నాను, అమ్మ కత్తిరిస్తోంది. వాడు బల్ల కింద నిలబడి వెనక భాగం అటూ ఇటూ ఊపాడు. ఒకసారి దూకి, అంచు పట్టు తప్పి జారాడు. అమ్మ కత్తెర ఆపింది. నేను కదల్లేదు. వాడు ఎటో చూస్తూ, అసలు దూకాలనే అనుకోనట్టు పంజా నాక్కున్నాడు. తర్వాత మళ్ళీ దూకాడు. కత్తిరించిన గుడ్డ మధ్యలో దిగి, చుట్టూ తిరిగి, గుమస్తా గారి కొత్త ప్యాంటు గుడ్డ మీద కూర్చుని అమ్మ పని చూడసాగాడు.

అమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. కళ్ళు తుడుచుకుంది.

"వెధవ," అంది, "నన్ను పట్టిచ్చేశాడు."

నవంబర్ 25, శనివారం

కంటి డాక్టరు దగ్గర చాలామంది ఉన్నారు. అమ్మ మంచి చీర కట్టుకుంది, సంచిలో కొలతల టేపు ఎందుకు పెట్టుకుందో తెలియదు, పిడికిట్లో పట్టుకునే కూర్చుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముదిరాయి, కానీ తీసేయొచ్చు. డాక్టరు పెద్దాయన, ఎదురుగా బొమ్మ పెట్టి ముందు ఏ కన్ను, ఎన్నాళ్ళకి రెండోది, ఏ చుక్కలు ఎప్పుడు, ఎప్పుడు వంగకూడదు, మిషను మీద ఎప్పుడు కూర్చోవచ్చు, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశారు. బయట ఇంకా ఎంతోమంది ఉన్నారు. నాకు సగం అందలేదు. అలవాటుగా నా తల ఊగబోయింది, నాకే తెలుస్తోంది.

"అర్థమైందా అమ్మా?" అన్నారాయన, అప్పటికే పక్క కాగితం అందుకుంటూ.

అమ్మ టేపు ఒళ్ళో పెట్టుకుంది.

"కాలేదు బాబూ" అంది. "మొదట్నుంచి చెప్పండి. విని మీకు తిరిగి చెబుతాను."

ఆయన కాగితం కింద పెట్టారు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం వేళయింది. చెప్పులు విప్పకుండానే అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మం బయటే నిలబడి విన్నాను. ఒక టిక్కు. ఒక్కటే.